రెండు గంటల వేడినీళ్లు

మా బాత్రూంలో హీటర్ పాడయిందని దాన్ని తయారుచేసిన కంపెనీ ఇవ్వాళ్టికీ ఒప్పుకోలేదు. వాళ్ల కంప్యూటర్లో చూస్తే అది పుట్టిన దగ్గర్నుంచీ నిక్షేపంగా పనిచేస్తూనే ఉంది. మధ్యలో నేనొకదాన్ని పనీపాటా లేక వాళ్లకి ఫోన్లు చేశాను, అంతే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇక్కడి సంగతి తెలియనివాళ్లకి ముందుగా ఒక మాట చెప్పాలి. మస్కట్‌లో ఎండాకాలం వచ్చిందంటే చన్నీళ్ల కుళాయిలో సలసలా కాగిన నీళ్లొస్తాయి. మేడ మీద ట్యాంకు, ఎండలో పడి ఉండే పైపులు, ఇంకేం కావాలి? అందుకని ఏప్రిల్ రాగానే అందరం హీటర్ స్విచ్ కట్టేస్తాం. హీటర్ ఇంటి లోపల నీడపట్టున ఉంటుంది కాబట్టి దాంట్లో నిలవున్న నీళ్లు కాస్త చల్లబడతాయి. ఎర్ర గుర్తున్న కుళాయి తిప్పితే చన్నీళ్లు, నీలం గుర్తున్నది తిప్పితే వేన్నీళ్లు. ఆరేడు నెలలు అలా తలకిందులుగా బతికి, చలికాలంలో స్విచ్ వేసి మళ్లీ మామూలు మనుషులమవుతాం. కొత్తగా వచ్చినవాళ్లు ఒక్కసారి వీపు కాల్చుకుంటే చాలు, ఇక జన్మలో మర్చిపోరు.

ఆ డిసెంబర్లో నాకు రెండో కాన్పు. అమ్మ భీమవరం నుంచి విజిట్ వీసా మీద అల్ మవాలేలోని మా ఫ్లాట్‌కి వచ్చింది. వచ్చింది నన్ను చూడ్డానికి కాదు, మస్కట్ చూడ్డానికి అసలే కాదు. చంటిదానికి నీళ్లు పోయడానికి.

పెద్దది పుట్టినప్పుడు కరోనా. విమానాలు లేవు. బాత్రూంలో పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, వాటి మీద పసిగుడ్డుని పడుకోబెట్టుకుని, వాషింగ్ మెషీన్ మీద నిలబెట్టిన ఫోన్లో అమ్మ అరుపులు వింటూ నేనే నీళ్లు పోశాను. "మెడ పట్టుకోవే, మెడ! ముక్కు నొక్కవే మొద్దూ! అలా కాదే, నీ చేతులిరగ!" అని అక్కడ ఆవిడ, ఇక్కడ పిల్ల, మధ్యలో నేను, ముగ్గురం ఏడ్చేవాళ్లం. ఆ బెంగ అమ్మకి ఇన్నేళ్లయినా తీరలేదు. "ఈసారి నా చేత్తోనే పోస్తానే. ఎవరడ్డమొచ్చినా ఊరుకోను" అంటూ సున్నిపిండి, నువ్వుల నూనె, సాంబ్రాణి, చివరికి ఇత్తడి చెంబుతో సహా సూట్‌కేసులో పెట్టుకుని దిగింది. వీసా మూడు నెలలు. అది అయిపోయేలోగా మనవరాలికి తన చేత్తో, తన తృప్తితీరా నీళ్లు పోసి వెళ్లాలి. అదొక్కటే ఆవిడ కోరిక.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు హీటర్ స్విచ్ వేశాం. దీపం ఎర్రగా వెలిగింది. గంటసేపాగి కుళాయి తిప్పితే నీళ్లు చల్లగా వచ్చాయి. ఇంకో గంట ఆగాం. అవే చన్నీళ్లు.

"ఇదేంటే, దీపం పెట్టి దణ్ణం పెట్టుకోడానికా ఇది?" అంది అమ్మ.

మా ఆయన సూర్‌లో గ్యాస్ ప్లాంట్‌లో ఇంజనీరు. గురువారం సాయంత్రం ఇంటికొచ్చి శనివారం రాత్రికి వెళ్లిపోతారు. గ్యాస్‌ని నీరైపోయేంత చల్లబరిచి ఓడలకెత్తడం ఆయన డ్యూటీ. అలాంటి మనిషికి నీళ్లు వేడెక్కట్లేదని ఫోన్ చేసి చెబితే, "వారంటీ ఉంది కదా, కంపెనీకి చెప్పు, సిస్టమ్ ప్రకారం వెళదాం" అన్నారు. సిస్టమ్ ప్రకారమే వెళ్లాం. వెళ్లి వెళ్లి ఏ గోతిలో పడ్డామో చెబుతాను.

కంపెనీ వాళ్ల మెకానిక్ మూడోరోజు మధ్యాహ్నం రెండు గంటలకి వచ్చాడు. నడివయసు మనిషి, మొహాన చెమట, చేతిలో పెట్టె, హిందీలో మాట. అమ్మ అతన్ని ఎగాదిగా చూసి నాతో, "వీడి వాలకం చూస్తే బల్బు కూడా మార్చేలా లేడే" అంది.

"మారుచ్చా పెద్దమ్మా, బల్బులు గూడా" అన్నాడతను చక్కగా తెలుగులో.

కడప మనిషట. ఊళ్లోనే హమ్రియాలో రూమ్. అమ్మ కొంచెం కూడా సిగ్గుపడలేదు. "మనవాడివేనా? మరి ముందే చెప్పొద్దూ! చూడు నాయనా, పసిపిల్ల ఉంది" అని మంచినీళ్లిచ్చింది.

అతను హీటర్ వైపు చూశాడు. దీపం వెలుగుతోంది. తృప్తిగా తలూపాడు. ఎర్ర కుళాయి తిప్పి వేలు పెట్టాడు. చల్లగా ఉన్నాయి. నీలం కుళాయి తిప్పాడు. మేడ మీద ఎండలో మగ్గిన పైపుల్లోంచి వేన్నీళ్లు ధారగా పడ్డాయి. అతని మొహం వెలిగిపోయింది.

"దొరికిందక్కా! హీటర్ బ్రహ్మాండంగా పనిచేచ్చాంది. పైపులే అటుదిటు ఇటుదటు తగిలిచ్చినారు. ఎర్రదాంట్లో రావాల్సిన నీళ్లు నీలందాంట్లో వచ్చాండాయి."

"అవి హీటర్ నీళ్లు కావు. పైన ఎండకి కాగిన నీళ్లు" అన్నాను.

"ఎండకు కాగినాయో కరెంటుకు కాగినాయో నీళ్ల మీద రాసుండదు గదక్కా."

"తెల్లారి వచ్చి చూడండి, రెండిట్లోనూ చన్నీళ్లే వస్తాయి."

"తెల్లారి మాకు డ్యూటీ ఉండదక్కా" అని, వేన్నీళ్ల ధార కింద థర్మామీటర్ పెట్టి ఫోటో తీసుకుని, 'ప్లంబింగ్ తప్పు, హీటర్ ఓకే' అని ఫోన్లో కొట్టి, పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు.

గురువారం మా ఆయన వచ్చారు. జరిగిందంతా చెప్పాను. ఆయన కాగితం తీసుకుని పైపుల బొమ్మ గీశారు. బాణం గుర్తులు పెట్టారు. కాసేపు ఆలోచించి, "లాజికల్‌గా అతను చెప్పింది కరెక్టే. ఎర్రదాంట్లో చల్లవి, నీలందాంట్లో వేడివి వస్తుంటే అది క్రాస్ కనెక్షనే" అన్నారు.

"ఏమండీ, పదేళ్లబట్టి ఈ ఊళ్లో ఉంటున్నారు! ఎండాకాలమంతా ఏ కుళాయి తిప్పి స్నానం చేశారు?"

"సూర్‌లో అంతా సెంట్రల్ సిస్టమ్ కదా, నేను గమనించలేదు. పైగా ఇది ఎండాకాలం కాదు" అన్నారు.

బాలింత నీరసంలో ఉన్నాను కాబట్టి బతికిపోయారు. శనివారం పొద్దున్నే బిల్డింగ్ ప్లంబర్ని పిలిచి, గోడ మీద పైపులు విప్పించి, ఎర్ర కుళాయి గొట్టం నీలానికీ నీలందాని గొట్టం ఎర్రదానికీ మార్పించారు. మధ్యాహ్నం ఎర్ర కుళాయి తిప్పితే వేన్నీళ్లు. "చూశావా!" అన్నారు. పొయ్యి వెలిగించిన వీరుడిలా ఆ రాత్రే సూర్ వెళ్లిపోయారు.

మర్నాడు తెల్లారి అమ్మ ఎర్రది తిప్పింది, చన్నీళ్లు. నీలంది తిప్పింది, ఇంకా చన్నీళ్లు.

"అల్లుడుగారు పెద్ద చదువులు చదివారు కదే?" అంది. ఆ ఒక్క మాటే నాకు కొట్టినట్టయింది.

మళ్లీ ఫోన్ చేశాను. మళ్లీ ఆ కడప మనిషే, మళ్లీ రెండు గంటలకే. ఈసారి ఎర్ర కుళాయి తిప్పగానే వేడినీళ్లు. చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు. "నేను జెప్పలేదాక్కా? ఇప్పుడు సరిపాయె!" అని ఫోటో తీశాడు. అది మామూలు ఫోటో కాదు. ఎర్ర కుళాయి, దాని కింద వేడినీళ్లు, పైన వెలుగుతున్న దీపం. మా హీటర్ ఆరోగ్యానికి అంతకంటే సాక్ష్యం ఇంకేం ఉంటుంది? అతను మెట్లు దిగేలోపే నాకు మెసేజ్ వచ్చింది, మీ కంప్లైంట్ క్లోజ్ అయిందని.

కస్టమర్ కేర్‌కి చేశాను. అరబిక్‌కి ఒకటి, ఇంగ్లీషుకి రెండు, సంగీతం, ఆ తర్వాత తేనెలాంటి గొంతుతో ఒకమ్మాయి.

"మేడమ్, మీ ఎర్ర కుళాయిలో వేడినీళ్లు వస్తున్న ఫోటో మా దగ్గర ఉంది."

"అది ఎండమ్మా! మీ హీటర్ కాదు. పొద్దున ఆరింటికి మనిషిని పంపండి, తెలుస్తుంది."

"డ్యూటీ తొమ్మిదింటికి మొదలవుతుంది మేడమ్."

"పోనీ తొమ్మిదింటికే పంపండి."

"తొమ్మిదింటికి వేరే ఏరియాలు. మవాలే టైము రెండు గంటలు మేడమ్."

"రెండింటికి ఊరందరి కుళాయిల్లోనూ వేడినీళ్లే వస్తాయి కదా!"

ఆ అమ్మాయి కాస్త ఆలోచించింది. "మరి మీరు రెండింటికి స్నానం చెయ్యచ్చు కదా మేడమ్?" అంది. వెటకారం కాదు, పాపం మనస్ఫూర్తిగానే సలహా ఇచ్చింది. నేను ఏమన్నానో ఇక్కడ రాయను. పక్కగదిలో చంటిది ఉలిక్కిపడి లేచింది.

అమ్మ మటుకు, "వాళ్ల డ్యూటీ టైముకి నా మనవరాలు స్నానం చెయ్యాలా? పైగా ఆ పైపుల్లో వేడి ఒక్క బకెట్టు. తర్వాత చూడు, ఆ చన్నీళ్లలో చేపలు బతుకుతాయి" అంది. తను తెచ్చుకున్న వేన్నీళ్ల రాడ్డు బయటికి తీసింది. దాని పుల్లలు గుండ్రం, ఇక్కడి ప్లగ్గుకి పలక పుల్లలు కావాలి. మధ్యలో ఎడాప్టర్ పెడితే పావుగంటలో కాలిన ప్లాస్టిక్ వాసన. అదీ అయింది.

ఇక మిగిలింది గ్యాస్ పొయ్యి. అమ్మ తెల్లవారగానే బిర్యానీ గిన్నెలో నీళ్లు కాచి, రెండు గుడ్డలతో అంచులు పట్టుకుని, వంటింట్లోంచి హాల్లోకి, పెద్దదాని బొమ్మల మధ్యనుంచి బాత్రూంలోకి మోసుకెళ్లేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. పీట మీద కూర్చుని కాళ్లు చాపితే మడమలు కమోడ్‌కి తగిలేవి. అలాగే సర్దుకుని, నూనె రాసి, నలుగు పెట్టి, చెంబుతో లెక్కగా పోసేది. పిల్లకి ఏడుపాగి హాయిగా అనిపించేలోపు గిన్నె ఖాళీ. "ఇది స్నానమా? కోడిపిల్ల మీద చిలకరించినట్టుంది. చంటిదానికి నీళ్లు పోస్తే కాళ్ల మీదే నిద్రపోవాలే. మీ అందరికీ అలాగే పోశాను" అని రోజూ అనేది. రోజూ నాకు కంపెనీ మీద కోపం కొత్తగా పుట్టేది. కొత్త హీటర్ కొందామంటే మా ఆయన, "వారంటీ ఉన్న వస్తువుని పారేసి కొత్తది కొనడమేంటి, వాళ్లే దిగొస్తారు" అనేవారు. వాళ్లు దిగిరాలేదు.

ఒకరోజు పొద్దున అమ్మ గిన్నెతో హాల్లోకి వచ్చేసరికి పెద్దది నిద్రకళ్లతో "అమ్మమ్మా" అంటూ ఎదురు పరుగెత్తింది. అమ్మ గిన్నెని తన వైపుకి తిప్పేసుకుంది. నీళ్లన్నీ ఆవిడ కుడి పాదం మీద పడ్డాయి. "పిల్ల మీద పడిందా? పడలేదు కదా?" అంటూనే కూలబడింది.

క్లినిక్‌లో కట్టు కట్టి, మానేదాకా తడి తగలకూడదన్నారు. తిరిగొచ్చేటప్పుడు కార్లో అమ్మ కట్టు వైపు చూసుకుంటూ, "రేపట్నుంచి పిల్లకి ఎవరు పోస్తారే?" అంది. నాకు ఏడుపాగలేదు. కోపం, బాధ, ఏది ఏదో తెలియలేదు. ఇంటికి రాగానే ఫోన్ అందుకున్నాను.

"మేడమ్, చాలా బాధాకరం" అంది తేనె గొంతు. "మా హీటర్ నీళ్ల వల్ల ఆవిడ కాలు కాలిందా?"

"కాదు, పొయ్యి మీద కాచిన నీళ్లు."

"అలా అయితే అది మా ప్రొడక్ట్ వల్ల జరిగిన ప్రమాదం కాదు మేడమ్. సేఫ్టీ డిపార్ట్‌మెంట్ తీసుకోదు."

"తల్లీ, మీ హీటర్ నీళ్లు కాల్చి ఉంటే దానికి పూలదండ వేసేదాన్ని! అది కాల్చదనే కదా నా ఏడుపంతా!"

అవతల కీబోర్డు చప్పుడు. "నోట్ చేసుకున్నాను మేడమ్. కస్టమర్ హీటర్ కాల్చాలని కోరుతున్నారు" అంది.

ఏం రాసుకుందో గానీ రెండోరోజు ఆ కడప మనిషిని పంపారు. వేళ తెలిసిందే, రెండు గంటలు. కానీ ఆ రోజు మబ్బు పట్టింది. మస్కట్‌లో మబ్బు పడితే పెళ్లికి వెళ్లినట్టు అందరూ కార్లేసుకుని బయటికి పోతారు. ఇతను మటుకు మా బాత్రూంలో నిలబడి ఎర్రది తిప్పాడు, చల్లగా ఉంది. నీలంది తిప్పాడు, అదీ చల్లగానే ఉంది. బుర్ర గోక్కున్నాడు. కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు. అప్పుడు నాకు ధైర్యం చెప్పాడు.

"భయం ల్యాదక్కా. ఈ పొద్దు మబ్బు గదా, ఎండ ల్యాదు. అందుకే నీళ్లు చల్లగా వచ్చాండాయి. రేపు ఎండొచ్చే సరిపోతాది."

సోఫాలో దిండు మీద కాలు పెట్టుకుని కూర్చున్న అమ్మ అక్కడ్నుంచే అంది. "మబ్బు పడితే చల్లబడేదానికి కరెంటు హీటర్ ఎందుకు నాయనా?"

అతను కుళాయి వైపు చూశాడు. వెలుగుతున్న దీపం వైపు చూశాడు. హాల్లోకి వచ్చి అమ్మ కట్టు చూశాడు. "యా అల్లా" అని అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి వెళ్లి, మొట్టమొదటిసారిగా హీటర్ మూత విప్పాడు. లోపల్నుంచి తీసిన కాయిల్ నిట్టనిలువునా పగిలి, పట్టుకుంటే పొట్టు రాలుతోంది.

"ఇది పోయి శానా రోజులైంది పెద్దమ్మా."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు విప్పలేదయ్యా?" అన్నాను. అరిచాను అనడం సబబు.

"దీపం ఎలగతాంటే మూత ఇప్పగూడదని ఆర్డరక్కా. దీపం ఎలగతాందంటే హీటర్ బాగుందని లెక్క."

ఇంకో చిక్కు కూడా ఉంది. తను తీసిన ఫోటోల పుణ్యమా అని కంప్యూటర్లో మా హీటర్ శుభ్రంగా పనిచేస్తోంది. పనిచేసే హీటర్‌కి కాయిల్ ఇవ్వరు. అడిగితే, వాళ్లకి చెప్పకుండా బయటి ప్లంబర్ పైపులు ముట్టుకున్నాడని వారంటీయే ఎగరగొడతారు. ముట్టుకోమని చెప్పింది ఎవరయ్యా అంటే తలొంచుకున్నాడు. చివరికి తనే ఒక దారి చూపాడు. దీపం మార్చాలని రాస్తానన్నాడు, ఆ సామాన్లతో పాటు కాయిల్ కూడా తెప్పిస్తానన్నాడు. దుబాయ్ నుంచి రావాలట. వెలిగే దీపాన్ని మార్చడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

మా ఆయన సెలవు పెట్టి వచ్చేశారు. అమ్మ కాలు చూశాక ఆయనకి వారంటీ గుర్తు రాలేదు. "కొత్త హీటర్ తెచ్చేస్తాను అత్తయ్యగారూ, ఇవాళే" అన్నారు.

"ఎందుకు బాబూ" అంది అమ్మ. "తెచ్చినా పోసేదెవరు? కాలికి ఈ కట్టుంటే నా చేతులు ఖాళీయేగా."

ఆ మాటకి ఆయన తల తిప్పుకుని బాత్రూంలోకి వెళ్లిపోయారు. కాచిన నీళ్లు ఆయనే మోశారు, నేను పోశాను. అమ్మ బాత్రూం గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "మెడ పట్టుకోవే! ముక్కు నొక్కవే!" అని అరిచేది. ఈసారి ఫోన్ లేదు, అంతే తేడా. అరుస్తూ అరుస్తూ మధ్యలో చేతులు ముందుకి చాపేది, తర్వాత ఒళ్లో పెట్టేసుకునేది. నేను చూసీ చూడనట్టు ఉండేదాన్ని.

అమ్మ ప్రయాణం ముందురోజు కాయిల్ వచ్చింది. కడప మనిషి రెండు గంటలకే వచ్చాడు, బిగించాడు. కుళాయి తిప్పి చూపిస్తానంటే అమ్మ, "వద్దు నాయనా, ఈ వేళకి నీ మాట నమ్మను" అంది. అతను నవ్వి, "నేనూ నమ్మను పెద్దమ్మా" అని కూర్చున్నాడు. జంతికలు తిన్నాడు, టీ తాగాడు, రెండు ఫోన్లు వస్తే మవాలేలో ట్రాఫిక్‌లో ఉన్నానన్నాడు. చీకటి పడ్డాక నీలం కుళాయి తిప్పాడు. పైపులు మార్చాం కాబట్టి ఇప్పుడు హీటర్ నీళ్లు వచ్చేది దాంట్లోంచే. పొగలు కక్కుతూ వచ్చాయి. అమ్మ కుంటుకుంటూ వచ్చి చెయ్యి పెట్టి, చురుక్కుమని వెనక్కి తీసుకుని, అతని వైపు చూసి నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం విమానం. పొద్దున లేచి చూసేసరికి అమ్మ సూపర్ మార్కెట్ కవర్ పాదానికి తొడిగి, టేపు చుట్టుకుంటోంది.

"తడపకూడదన్నారు కదమ్మా!"

"నీ డాక్టర్ని వచ్చి పొయ్యమను నీళ్లు" అంది. "పిల్లని ఇటు తే."

పీట మీద కూర్చుని కాళ్లు చాపింది. చంటిదాన్ని బోర్లా వేసుకుని నూనె మర్దనా చేసింది, నలుగు పెట్టింది, ముక్కు నొక్కింది, తల గుండ్రంగా నిమిరింది. బకెట్టు నిండుతూనే ఉంది, చెంబు ముంచుతూనే ఉంది. వీపు మీద పోసింది, ఛాతీ మీద పోసింది, మడతల్లో పోసింది. పిల్ల మొదట కెవ్వుమంది, తర్వాత మూలిగింది, తర్వాత ఆవిడ కాళ్ల మీదే నిద్రపోయింది. ఆఖరి చెంబు దిష్టికి తిప్పి దిగపోసి, "శ్రీరామ రక్ష, నూరేళ్లాయుష్షు" అంది. అయిపోయిందని తువ్వాలు పట్టుకుని ముందుకి వెళ్లాను. అమ్మ తువ్వాలు అందుకోలేదు. ఇంకో చెంబు ముంచింది.

అప్పుడే నా ఫోన్ మోగింది. తేనె గొంతు. "మేడమ్, దీపం మార్చారు కదా, వేడినీళ్లు వస్తున్నాయా?"

"వస్తున్నాయి" అన్నాను.

"అయితే కంప్లైంట్ క్లోజ్ చేసేస్తాను మేడమ్."

అమ్మ ఇంకో చెంబు పోసింది. కుళాయిలో నీళ్లు చల్లబడటం మొదలైనట్టుంది, మోచేతితో చూసుకుంది. గోరువెచ్చగా ఉన్నంతసేపూ పోద్దామన్నట్టు మళ్లీ ముంచింది.

"ఇప్పుడే వద్దమ్మా" అన్నాను. "కాసేపాగి చెయ్యి. మా అమ్మ ఇంకా పోస్తోంది."